ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక కాళ్లూ చేతులకు మళ్లీ బలం ఎలా తెచ్చుకోవాలి

ఐసీయూలో రెండు మూడు వారాలు ఉండి ఇల్లు చేరిన మనిషి గురించి చుట్టాలు మొదట అనే మాట ఇది: "మాటలైతే మంచిగనే మాట్లాడుతున్నడు, లేవమంటేనే లేస్తలేడు." చూసేవాళ్లకు నిజంగానే అట్లా కనిపిస్తుంది. ఈ నీరసం ముఖాన్ని దాదాపు వదిలేసి తొడలు, పిరుదులు, భుజాలను పట్టుకుంటుంది. అందుకే నవ్వుతూ మాట్లాడే మనిషి కుర్చీలోంచి లేవలేడు, తల దువ్వుకోలేడు, అన్నం ముద్ద నోటిదాకా తెచ్చేసరికి చెయ్యి వణుకుతుంది.

బద్ధకమని, భయమని, ఒంట్లో రక్తం తగ్గిందని ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అసలు సంగతి వేరు. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు, వెంటిలేటర్ మీద కదలకుండా ఉన్నప్పుడు శరీరం తన కండనే కరిగించుకుని వాడుకుంటుంది. చాలామందిలో నరాలు కూడా దెబ్బతింటాయి. లండన్‌లో చేసిన, 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఐసీయూ పేషెంట్ల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. పది రోజుల్లోనే అది సగటున దాదాపు 18 శాతం తగ్గిపోయింది. అంత కండ పోయిన మనిషిని "ధైర్యం చెయ్యి, లే" అంటే లేవడు.

పోయిన కండ తిరిగి వస్తుంది. వారాలు, నెలలు పడుతుంది. నరం దెబ్బ తిన్నవాళ్లకు ఏడాది దాటవచ్చు, కొందరికి కొంత లోటు మిగిలిపోవచ్చు కూడా. అది వచ్చే దారి మాత్రం ఒకటే: తగినంత తిండి తింటూ, మనిషి తన ఒంటి బరువును తానే కొద్దికొద్దిగా, రోజుకు చాలాసార్లు మోయాలి. మన ఇళ్లలో దీనికి అడ్డొచ్చేది నిర్లక్ష్యం అనుకుంటారు గానీ, నా లెక్కలో అతి ప్రేమే ఎక్కువ అడ్డు. నీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం మీదే, పక్కకు తిప్పడానికి కూడా ఇద్దరు. ఆ ప్రేమను కాస్త తగ్గించుకోవడం ఎలాగో కింద వరసగా చెబుతాను.

డిశ్చార్జి రోజే అడగాల్సినవి

బిల్లు హడావిడిలో అసలు ప్రశ్నలు మరిచిపోతారు. ఇవి కాగితం మీద రాసుకుని వెళ్లండి: కాళ్ల మీద పూర్తి బరువు వేయొచ్చా? ఒంట్లో ఆక్సిజన్ ఎంతకంటే తగ్గితే కసరత్తు ఆపేయాలి? ఉప్పు, నీళ్లు, ప్రొటీన్ విషయంలో ఏమైనా పరిమితి ఉందా? స్టెరాయిడ్ మాత్రలు ఉంటే ఎప్పటిదాకా, ఎలా తగ్గించాలి? (అవి ఒక్కసారిగా మానేయకూడదు.) తాగేటప్పుడు దగ్గు వస్తోంది, పర్వాలేదా?

తర్వాత అక్కడి ఫిజియోథెరపిస్టు ముందర, మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చే పని మీరే ఒకసారి చేసి చూపించండి. వాళ్లు చేస్తుంటే చూడటం వేరు, మన చేతులతో చేయడం వేరు. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో వీడియో తీసుకోండి.

ప్రతిసారీ హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వాటి ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీ విభాగం ఏ రోజుల్లో, ఏ గదిలో ఉంటుందో కనుక్కుని, డిశ్చార్జి కాగితంతో వెళ్లి ఒకసారి పరీక్ష చేయించుకోండి. నెలకు ఒకటి రెండుసార్లు వాళ్లు చూసి దిద్దితే మిగతాది ఇంట్లో జరిగిపోతుంది.

మొదట మంచం సంగతి

నులక మంచం వద్దు. మధ్యలో కుంగుతుంది, అందులోంచి లేవడం ఆరోగ్యవంతుడికే కష్టం. గట్టి మంచం, గట్టి పరుపు వేయండి. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తొంభై డిగ్రీల దగ్గర ఉండాలి. మూడు వైపుల నుంచి మనిషి తిరిగేలా మంచాన్ని గోడకు కాస్త దూరంగా జరపండి.

కూర్చోలేని దశలో చేయాల్సినవి ఇవి. పాదాలను కిందికీ పైకీ ఆడించాలి, పది సార్లు. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ అయిదు లెక్కపెట్టాలి. మడమను పరుపు మీద ఈడుస్తూ కాలు ముడిచి చాపాలి. రెండు మోకాళ్లూ ముడిచి నడుమును రెండు అంగుళాలైనా పైకి లేపాలి. ఈ చివరిది చాలా విలువైనది, బెడ్‌పాన్ పెట్టేటప్పుడు కూడా అక్కరకొస్తుంది. ఒక్కొక్కటీ అయిదు నుంచి పది సార్లు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన మూడు బంతుల ఊపిరి పరికరం ఉంటే వాళ్లు చెప్పినన్ని సార్లు ఊదకుండా పీల్చాలి. చాలామంది ఊదుతుంటారు.

పాదం ముందుకు వాలిపోయి, బొటనవేలు పైకి ఎత్తలేకపోతే అది నరం నొక్కుకుపోయిన లక్షణం కావచ్చు. ఫిజియోకు చూపించి పాదానికి చీలమండ పట్టీ అడగండి. వదిలేస్తే మడమ వెనక పిక్క కండరం బిగుసుకుని, తర్వాత బలం వచ్చినా పాదం నేలకు సరిగా ఆనదు. తానంతట తిరగలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నడుము కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడి, నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టే.

కూర్చోబెట్టడం

వెల్లకిలా ఉన్న మనిషిని చేతులు పట్టి లాగకండి. ముందు పక్కకు తిరగాలి, తర్వాత కాళ్లు మంచం దించాలి, ఆ పైన కింది మోచేత్తో నొక్కుతూ లేవాలి. మీరు భుజం వెనక చెయ్యి వేసి సాయం పట్టండి చాలు.

కూర్చున్న వెంటనే కళ్లు తిరగడం మామూలే, చాలా రోజులు పడుకున్న ఒంటికి బీపీ పడిపోతుంది. రెండు నిమిషాలు పాదాలు ఆడిస్తూ అట్లాగే కూర్చోవాలి. తగ్గకపోతే పడుకోబెట్టి కాసేపాగి మళ్లీ చూడండి. రోజూ అట్లాగే అవుతుంటే బీపీ మాత్రల మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

వ్యాయామం కోసం ప్రత్యేకంగా కూర్చోబెట్టడం కంటే మూడు పూటలా భోజనం కూర్చునే తినాలని నియమం పెట్టండి. ముద్ద తానే కలుపుకోవాలి. సగం కింద పడితే పడనీయండి.

కుర్చీలోంచి లేవడం

ఈ మొత్తంలో ఒక్కటే చేయించే ఓపిక ఉంటే ఇదే చేయించండి. తొడ, పిరుదు, వెన్ను అన్నింటికీ పని చెప్పే కసరత్తు ఇది. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, దాన్ని ఇలా వాడకండి.

ముందు పిరుదులు కుర్చీ అంచుకు జరపాలి. పాదాలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి, భుజాలంత ఎడంగా ఉండాలి. తర్వాత ముక్కు మోకాళ్లను దాటేంత ముందుకు వంగాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే: పడతామనే భయంతో వెనక్కి వాలి లేవబోతారు, బరువంతా వెనకే ఉండిపోతుంది. వంగాక కుర్చీ చేతులను కిందికి నొక్కుతూ లేవాలి. నిలబడి మూడు లెక్కపెట్టి, మెల్లగా కూర్చోవాలి. దబ్బున కూలబడకుండా దిగడంలోనే సగం లాభం ఉంది.

సాయం పట్టేవాళ్లు చంకల కింద చేతులు పెట్టి ఎత్తొద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. మీ మెడ చుట్టూ చేతులు వేయనీయొద్దు, మీ నడుము పోతుంది. పక్కన నిలబడి, నడుముకు కట్టిన వెడల్పాటి గట్టి బెల్టు పట్టుకోండి. మోకాలు మడతపడేలా ఉంటే మీ మోకాలిని దానికి ఎదురుగా ఆనించండి.

అసలే లేవలేకపోతే కుర్చీ మీద గట్టి దిండు వేసి ఎత్తు పెంచండి. ఒకేసారి అయిదు చేయగలిగాక దిండు తీయండి. తర్వాత ఒక చేత్తో, ఆ తర్వాత చేతులు వాడకుండా. చేతులు లేకుండా లేవగలిగిన రోజు నుంచి వారానికోసారి, ప్రతి వారం అదే రోజు అదే పూట, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో క్యాలెండర్ మీద రాయండి. రోజూ అద్దంలో చూసుకుంటే మార్పు కనబడదు. నాలుగు కాస్తా ఏడు అయితే మాత్రం ఇంట్లో అందరికీ కనబడుతుంది.

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. వాళ్లకు వెన్ను, మోకాళ్లు ఐసీయూకు ముందే బిగుసుకుపోయి ఉండవచ్చు. ముందుకు వంగమంటే వంగరు, వంగలేరు. బలవంతంగా వంచకుండా కుర్చీ ఎత్తు పెంచుకోండి, ఆ సంగతి ఫిజియోకు ముందే చెప్పండి.

నడక

వాకర్ ఎత్తు చూసుకోండి. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు దగ్గరికి పిడి రావాలి. హవాయి చెప్పులు వద్దు, టైల్స్ మీద సాక్సులు అసలే వద్దు. వెనక పట్టీ ఉన్న, జారని చెప్పులు వేయండి.

మొదట మంచం నుంచి తలుపు దాకా, తర్వాత వాకిలి దాకా, ఆ పైన వీధిలో కరెంటు స్తంభం దాకా. వెళ్లినంత దూరం తిరిగి రావాలని మరిచిపోకండి. దారి మధ్యలో ఒక కుర్చీ వేసి ఉంచితే టెన్షన్ ఉండదు. పాత ఇళ్ల గడపలు ఎత్తుగా ఉంటాయి, చాలామంది పడేది అక్కడే. గడప దగ్గర గోడకు ఒక పిడి బిగించండి. మెట్లు ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు బలం తక్కువున్న కాలు ముందు.

ఎంత వేగం? నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. ఒక్కో మాటకు ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంటే డాక్టర్ చెప్పిన అంకె చూసుకోండి. వేరే ఏమీ చెప్పకపోతే 90 కంటే తగ్గినప్పుడు ఆగి కూర్చోవాలి. ఎండాకాలంలో మన దగ్గర పొద్దున ఎనిమిదికే సెగ మొదలవుతుంది, కాబట్టి ఏడులోపు ముగించండి.

లెట్రిన్, స్నానం

దీని గురించి మాట్లాడటానికి మొహమాటపడతారు గానీ, ఇబ్బంది పడేది దీని దగ్గరే. కింద కూర్చునే దొడ్డి మీద ఇప్పుడప్పుడే కూర్చోలేరు. దాని మీద సరిపోయే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. నాలుగు కాళ్లకూ రబ్బరు తొడుగులు ఉండాలి. గోడకు ఇనుప పిడి బిగించండి, టవల్ తగిలించే కడ్డీని పట్టుకుంటే ఊడి వస్తుంది. లోపల గడియ పెట్టనీయకండి, తలుపు దగ్గరగా వేసి బయట ఒకరు నిలబడితే మర్యాదకు లోటుండదు. రాత్రి పూట లైటు వెలిగే ఉంచండి. స్నానం స్టూలు మీద కూర్చుని, మరీ వేడి నీళ్లు కాకుండా. మరీ వేడి నీళ్లతో బీపీ పడిపోయి లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి.

తిండి: పత్యం పక్కన పెట్టండి

జబ్బు చేసి లేచినవాళ్లకు గుడ్డు వేడి, పెరుగు చలువ, పప్పు వాతం అని ఒక్కొక్కటీ తీసేసి చివరికి చారన్నం, బ్రెడ్డు మిగులుస్తారు. కండ కట్టడానికి కావాల్సింది సరిగ్గా ఆ తీసేసినవే.

కిడ్నీ, లివర్ సమస్యలు లేని మనిషికి ఈ దశలో ఒంటి బరువు కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. దీన్ని మన వంటింటి లెక్కలో చూద్దాం. మూడు కోడిగుడ్లు 18 గ్రాములు, అర లీటరు పాలో పెరుగో 16, యాభై గ్రాముల పెసరపప్పు 12, గుప్పెడు పల్లీలు 7, వంద గ్రాముల వండిన చికెన్ 25. ఇదే 78. జొన్న రొట్టె, అన్నం ఇచ్చేది కలిపితే సరిపోయింది. మాంసం తినని ఇంట్లో యాభై గ్రాముల మీల్‌మేకర్ దాదాపు 25 గ్రాములు ఇస్తుంది. కిడ్నీ దెబ్బ తిన్నవాళ్లు, డయాలసిస్ చేయించుకున్నవాళ్లు డాక్టర్ చెప్పిన అంకెనే పట్టుకోవాలి.

ఒక్కసారి తినలేరు. రెండున్నర మూడు గంటలకోసారి కొంచెం పెట్టండి. తైదల (రాగుల) అంబలిలో పాలో పెరుగో కలిపితే బాగా దిగుతుంది. బొక్కల సూపు నోటికి రుచి, పొట్టకు హాయి. అయితే అందులో ప్రొటీన్ జనం అనుకునేంత ఉండదు, సూపు తాగించి ముక్కలు మీరు తినేయకండి.

ఊళ్లో ఎక్కువగా జరిగే పని ఇంకొకటి: బలం కోసం గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం. అర లీటరు అయిదు శాతం గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే అయిదు చిన్న చెంచాలు. ప్రొటీన్ సున్నా. ఆ డబ్బుకు ఎన్ని గుడ్లొస్తాయో మీరే లెక్కేసుకోండి. పేరు తెలియని "తాకత్ సూదులు" కూడా వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు హుషారుగా అనిపించి, షుగర్ పెరిగి, ఉన్న కండ ఇంకా కరుగుతుంది. కల్లు సంగతీ అంతే. కల్తీ కల్లులో మత్తు మందు ఉంటే తూలి పడటం ఖాయం, ఊపిరి కూడా మందగించవచ్చు.

గొంతులో గొట్టం ఉండి వచ్చినవాళ్లకు మింగడం కష్టం కావచ్చు. నీళ్లు తాగగానే దగ్గు, తిన్నాక గొంతు గరగర ఉంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టు అనుమానించాలి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న గుటకలే తాగించండి, ఆస్పత్రిలో చూపించండి.

ఎక్కువ చేశామా, తక్కువ చేశామా

మంచిగా అనిపించిన రోజు ఊరంతా తిరిగి, తర్వాత రెండు రోజులు మంచం దిగకపోవడం అందరూ చేసేదే. దీనికి తేలిక పరీక్ష తర్వాతి ఉదయం. కండరాలు కాస్త పట్టేసినట్టుంటే సరే. నిన్నటికంటే నీరసంగా, లేవలేనట్టుగా ఉంటే నిన్నటి పని సగానికి తగ్గించండి, ఆపేయకండి. స్నానం చేసిన రోజు అదే పెద్ద కసరత్తు, నడక కాస్త తగ్గినా ఫర్వాలేదు.

పరామర్శకు వచ్చేవాళ్లను కూడా ఈ లెక్కలోనే వేయండి. దానిమ్మకాయలతో వచ్చి, గంటన్నర కూర్చుని, ఇదే జబ్బుతో ఎవరెవరు పోయారో చెప్పి వెళ్తారు. పది నిమిషాలు చాలని ఇంటి పెద్దవాళ్ల చేత చెప్పించండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు వాకిట్లోంచే పలకరించి పోవాలి.

రాత్రి నిద్ర పట్టకపోవడం, ఐసీయూలో ఎవరో తనను కట్టేశారని, చంపబోయారని కలలు రావడం చాలామందికి ఉంటుంది. అప్పట్లో ఇచ్చిన మత్తు మందులు, జబ్బు తీవ్రత కలిసి మెదడులో కలిగించిన గందరగోళం అది. దెయ్యమూ కాదు, పిచ్చీ కాదు. అక్కడ ఏ రోజు ఏం జరిగిందో దగ్గరున్నవాళ్లు వరసగా చెబితే చాలా తేలికవుతుంది. నెల దాటినా తగ్గకపోతే, బతకాలని లేదన్న మాట వస్తే, 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

పురుగుమందు వల్ల ఐసీయూకు వెళ్లి వచ్చినవాళ్ల విషయంలో రెండు మాటలు. కొన్ని రకాల మందుల్లో, మనిషి కోలుకున్నాడనుకున్న రెండు మూడు వారాలకు పాదాల్లో తిమ్మిరి మొదలై కాళ్లలో బలం తగ్గుతూ వస్తుంది. ఇది కొత్త సమస్య, మామూలు నీరసం అనుకోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మిగిలిన మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి.

వెంటనే 108

ఒక వైపు చెయ్యీ కాలూ మాత్రమే పడిపోవడం, మూతి వంకర పోవడం, ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆగని ఆయాసం, స్పృహ తడబడటం. ఐసీయూ నీరసం రెండు వైపులా సమానంగా ఉంటుంది, ఒక వైపే అంటే పక్షవాతం అనుకోవాలి. ఒక పిక్కే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కావచ్చు, మాలీష్ చేయకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. మళ్లీ జ్వరం, చలి వచ్చినా అంతే.

పనిలోకి ఎప్పుడు

వీధి చివరిదాకా ఆగకుండా వెళ్లి రావడం, నేల మీద కూర్చుని తానే లేవడం, బిందెడు నీళ్లు ఎత్తడం వచ్చాకే పొలం పని ఆలోచించాలి. మొదటి వారాలు గంట, గంటన్నర, అదీ నీడపట్టున. బండి నడపాలంటే బ్రేకు గట్టిగా నొక్కగలగాలి, ఆగినప్పుడు బండి బరువును రెండు కాళ్లతో ఆపగలగాలి. ఊరి బయట ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా ముందు చూసుకోండి. నిద్ర మాత్రలు వాడుతుంటే అదీ వద్దు. పత్తికి మందు కొట్టే పని మాత్రం ఈ పంటకు వేరేవాళ్లకు అప్పజెప్పండి. వీపు మీద పదహారు లీటర్ల ట్యాంకు ఎంత బరువో మీకు తెలుసు, దానికి తోడు ఊపిరితిత్తులు ఇంకా కోలుకుంటున్నాయి.